కోస్తే కోసినట్టే

మన ఇళ్లలో ఎవరైనా పాత కారు మీద షౌక్ పెంచుకుంటే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇస్రాఫ్. రెండోది రియా. డబ్బు దుబారా, పైగా పదిమంది ముందు డాబు. ఈ రెండు మాటల్నీ నేను తేలిగ్గా తీసేయను. కానీ ఈ షౌక్ ఉన్నవాళ్లను కాస్త దగ్గర్నుంచి చూశాక, వాటికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉందనిపించింది. ఆ కారు నీకు మిల్కియతా, అమానతా?

మా చిన్న మామూది రాయచోటి. మా వైపు గల్ఫ్ అంటే ఎక్కువమందికి కువైటే, మామూ మాత్రం షార్జా చేరాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఇరవై ఏళ్లకు పైగా ఒకటే పని. మన దగ్గర టింకరింగ్ అంటాం, అక్కడ డెంటింగ్ అంటారు. ఒక చేతిలో సుత్తి, రేకు వెనక ఇంకో చేతిలో ఇనుప దిమ్మ. కళ్లు మూసుకుని అరచేత్తో రేకు నిమిరి ఎక్కడ గుంట ఉందో చెప్పేస్తాడు. నేను వారం రోజులు ఆయన దగ్గర ఉన్నప్పుడు వర్క్‌షాప్‌లో ఓ మూలన డాట్సన్ 240జెడ్ ఒకటి నిలబడి ఉంది. అర్బాబ్ ఒకాయన తీసుకొచ్చాడు. అది వాళ్ల మర్హూమ్ అబ్బా నడిపిన కారు.

ఆ కారు సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1969 చివర్లో జపాన్‌లో నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ అనే పేరుతో వచ్చింది. అమెరికాలో అమ్మకాలు చూసే యుతాకా కతయామాకి ఆ పేరు నచ్చలేదు. స్పోర్ట్స్ కారుకి అంత నాజూకు పేరా అని ఆ అక్షరాలు తీయించి 240జెడ్ అని పెట్టించాడు. ఒకే వరసలో ఆరు సిలిండర్లు, 2,393 సీసీ ఇంజన్, 151 హార్స్‌పవర్. అమెరికాలో అప్పటి ధర 3,526 డాలర్లు. అంత పొడవు బానెట్, అంత వేగం కావాలంటే యూరప్ కార్లకు చాలా ఎక్కువ పెట్టాల్సిన రోజులవి. జీతగాళ్లు కూడా కొనుక్కోగలిగిన స్పోర్ట్స్ కారు గనకే దాని మీద ఇంత ముహబ్బత్. దుష్మన్ ఒక్కటే, తుప్పు. బ్యాటరీ పెట్టే ట్రే కింద మొదలై ఫ్లోర్‌నీ, దాని కింది పట్టీలనీ తినేస్తుంది.

దీన్ని ఎవరూ ఉన్నదున్నట్టు ఉంచరు. రెండు కార్బురేటర్లు తీసి మూడు వెబర్‌లు పెడతారు. ఇంజన్ తీసేసి తర్వాతి మోడల్ 2.8 లీటర్లది దించుతారు. ఇంకా మస్తీ ఎక్కువైతే అమెరికన్ వీ8 కూడా కూర్చోబెడతారు. ఎనిమిది పుల్లల వాటనబే వీల్స్, వెడల్పు టైర్లు, ఆ టైర్లు బయటికి రాకుండా ఫైబర్ ఫ్లేర్‌లు. గల్ఫ్ ఎండకి ఏసీ పెట్టించడాన్ని మాత్రం నేను షౌక్ కింద లెక్కేయను, అది జరూరత్.

మన అర్బాబ్ కూడా ఫ్లేర్‌లే అడిగాడు. ఫ్లేర్ బిగించాలంటే చక్రం మీది రేకు అంచు కోయాలి. మామూ రెండు రోజులు కత్తెర పట్టలేదు. మూడో రోజు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాడట. ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవి. వేరే జత తెప్పించి వాటిని కోసుకో, అసలువి గోడకి వేలాడదీసుకో, ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు. వెనకవి అలా కాదు. పై రేకూ లోపలి రేకూ కలిపి ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసినవి. "కాట్‌దియే తో కాట్‌దియేచ్ బేటా," అన్నాడు మామూ నాతో. కోస్తే కోసినట్టే. ఆ స్టీరింగ్ పట్టుకున్న తండ్రి లేడు, ఆ రేకు కూడా లేకుండా పోతుంది.

అర్బాబ్ నారాజ్ అయ్యాడు. డబ్బులిచ్చేది ఆయన, కారు ఆయనది. ఇంకో వర్క్‌షాప్‌లో అయితే సాయంత్రానికి కోసి పెట్టేవాళ్లు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, కోయకుండా పట్టే వెడల్పు ఎంతో చూడమన్నాడు. ఆ కొలతకే వీల్స్ తెప్పించాడు. వెబర్‌లు పెట్టించాడు, తీసిన పాత కార్బురేటర్లు డబ్బాలో పెట్టి దాచాడు. నా లెక్కలో కస్టమైజ్ చేయడానికి ఇంతకంటే మంచి తరీఖా లేదు. నీ షౌక్ నువ్వు తీర్చుకో, నీ తర్వాతివాడికి దారి మూసేయకు.

నుమాయిష్‌కి వస్తాను. సాయంత్రం చల్లబడ్డాక కార్లన్నీ ఒకచోట చేరతాయి. బానెట్లు లేస్తాయి, ఫోన్లు బయటికొస్తాయి. అనుభవం ఉన్నవాడు జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపు కింద ఆనిస్తాడు. పుట్టీ మందంగా పూసిన చోట అది అతుక్కోదు. ఆ పుట్టీని అక్కడ మాజూన్ అంటారు. హకీమ్ ఇచ్చే మాజూన్ మింగి పెరిగిన నాకు ఆ మాట వినగానే నవ్వొచ్చింది. మామూ చేసిన తలుపులకి అయస్కాంతం టప్పున అతుక్కుంటుంది. ఫోటోల కింద మాత్రం మాషాఅల్లాహ్‌లన్నీ అర్బాబ్‌కే. రంగు ఎవరు వేశారు, రేకు ఎవరు సాపు చేశారు అనే ముచ్చటే రాదు. అందమైన వస్తువు చూపించుకుని ఖుషీ అవడం నాకు గునాహ్‌లా తోచదు. కారీగర్ పేరు మింగేసి తారీఫ్ అంతా జేబులో వేసుకోవడమే నాకు రియాలా తోస్తుంది. మామూకి ఈ బాధ లేదు. మజ్దూరీ టైముకి వచ్చింది కదా అంటాడు. బాధ నాది.

ఇంకో సంగతి, ఇది మన ఇళ్లలో తప్పకుండా మాట్లాడుకోవాల్సింది. 2020 జనవరిలో అమెరికాలో ఒక 240జెడ్ వేలంలో 310,000 డాలర్లు పలికింది. అందులో మార్పులేమీ చేయలేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది. అప్పట్నుంచి ఈ కార్లను చూసే చూపు మారింది. సొంతానికి వాడుకునే సవారీ మీద జకాత్ లేదు. అదే కారుని అమ్మి లాభం చేసుకుందామనే నియ్యత్‌తో కొంటే అది మాల్-ఎ-తిజారత్. నిసాబ్ ఉన్నవాడు ఏడాది తిరిగేసరికి ఆనాటి బజారు ధర మీద 2.5 శాతం తీయాలి. పదిమంది ముందు ‘ఇది నా ప్రాణం, షౌక్’ అంటూ, మనసులో మాత్రం రేటు ఎప్పుడు పెరుగుతుందా అని లెక్కలేసుకునేవాళ్లు తమ ఆలిమ్‌ని ఒకసారి అడగడం మంచిది.

మన అర్బాబ్ అయితే అమ్మే మాటే ఎత్తడం లేదట. పోయిన జుమ్మా మామూ నాకు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. కారు మొత్తం కనిపిస్తుందేమోనని తెరిచాను. వెనక చక్రం పైన రేకు లోపలి అంచు, దాని మీద వరసగా ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు. ఒక్కటీ చెదరలేదు.