మెదకు గుడిలో క్రిస్మసు

పండుగ వస్తోందంటే గుండె బరువెక్కేవాళ్ళు కూడా లోకంలో ఉంటారు. 2016లో నేనూ వాళ్ళలో చేరాను. ఆ జూన్‌లో నా ఇల్లాలు కాలం చేసింది. డిసెంబరు రాగానే వీధిలో గుమ్మం గుమ్మానికీ కాగితపు నక్షత్రం వెలిగింది. మా నక్షత్రం అటక మీదే ఉండిపోయింది. ప్రార్థన చేద్దామన్నా మాట పెగిలేది కాదు. ఇంట్లో ఉండలేక 24వ తేదీ మధ్యాహ్నం హైదరాబాదులో మెదకు బస్సెక్కాను.

ఎంతో దూరం కాదు, సుమారు 100 కిలోమీటర్లు. ఊళ్ళో దిగి తలెత్తితే చాలు, 175 అడుగుల గోపురం పలకరిస్తుంది. ఆవరణ నిండా జనం. చాపలు, దుప్పట్లు, మూడు రాళ్ళ పొయ్యిలు, పిల్లల ఏడుపులు. అచ్చం మన జాతరే అనుకోండి.

ఈ గుడి పుట్టుక తెలిస్తేనే దీని అందం బోధపడుతుంది. అవి కరువు రోజులు. పాస్నెట్ అనే మిషనరీ దొర, ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపి, తిండి పెట్టి దీన్ని కట్టించాడు. 1914లో మొదలుపెడితే, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఉత్త గంజి పోసి పంపేయలేదు చూడండి, అదీ నాకు నచ్చింది.

నా పక్క చాప మీద ఒక ముసలమ్మ. "ఒక్కనివే వచ్చినవా బిడ్డా?" అంది. సంగతి చెప్పాను. ఓదార్చలేదు. "మా తాత ఈడ రాళ్లు మోసిండు. రాయి మోసి గటుక తాగి పోయేటోడంట. ఏడ్వాలంటే లోపటికి పోయి ఏడ్వు బిడ్డా, ఆడ ఎవ్వరేమనరు" అంది.

తెల్లవారుజామున ఆరాధనకు వెళ్ళాను. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలను గురించి ఎంతో విన్నాను: క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. తీరా చూస్తే నల్లటి పలకల్లా ఉన్నాయి. లోపల ఎన్ని దీపాలు పెట్టినా వాటిలో బొమ్మ కనిపించదు. వెలుగు బయటి నుంచి రావలసిందే. అందరూ పాడుతున్నారు. నేను ముసలమ్మ మాటే పాటించాను.

ఆరాధన ముగిసినా కదలలేదు. పొద్దు పొడిచింది. ముందు ఎక్కడో ఒక రంగు ముక్క మెరిసింది, పక్కనే ఇంకొకటి. చూస్తూండగానే తల్లి, ఒడిలో బిడ్డ. అప్పుడు నోట నాలుగు ముక్కలు వచ్చాయి. ఆరు నెలల తరువాత దేవుడితో మాట్లాడాను.

బయటికి రాగానే ముసలమ్మ విస్తట్లో అన్నం, కూర వడ్డించి "తిను" అంది. జూన్ తరువాత మారు అన్నం అడిగి వేయించుకున్నది ఆ పూటే.