మా వదినగారి దడ

మల్లేశ్వరంలో మా వదినగారి దడ సంగతి తెలియని తెలుగు ఇల్లు లేదనే చెప్పవచ్చు. పూజ మధ్యనో, పోపు వేస్తూనో ఆవిడ ఉన్నట్టుండి పాలిపోయేవారు. చెమటలు, తలపోటు, గుండె దడ. పావుగంటకు మళ్లీ మామూలే. దిష్టి అన్నవారున్నారు, పిరికితనమన్నవారున్నారు. చివరకు 2017లో ఒక డాక్టరుగారు సరిగా దడ వేళకే రక్తపుపోటు చూసి, ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు. స్నానాలగదిలో ఆ డబ్బా ఏమిటని పనిమనిషి అడిగితే ఏం చెప్పాలో మాకు తోచలేదు.

జబ్బు అడ్రినల్ గ్రంథిలో ఉన్నదట. ఇవి రెండు. మూత్రపిండాల నెత్తిన మైసూరు పేటాలవలె కూర్చుంటవి. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములు. పైపొర చేసే ఆల్డోస్టెరోను ఒంట్లో ఉప్పును నిలుపుతుంది. కార్టిసాలు జబ్బులో, ఉపవాసంలో మనిషిని నిలబెడుతుంది. లోపలి భాగం అడ్రినలిన్ చేస్తుంది. చిత్రమేమిటంటే, పైపొర నుండి కార్టిసాలు దిగివస్తేనే లోపల నోరడ్రినలిన్ చక్కగా అడ్రినలిన్ అవుతుంది. అత్తాకోడళ్ల మధ్య ఇంత పొత్తుంటే ఎంత బాగుండును!

కంతి లేచినా కొత్త విషమేమీ చేయదు. అదే సరుకు, కాని అవసరానికి కాక, తనకు తోచినప్పుడు. ఆరోగ్యమైన గ్రంథి నరాల ఆజ్ఞకు కాచుకొని ఉంటుంది, కంతికి యజమాని లేడు. పైపొరలో లేస్తే ఆల్డోస్టెరోను పొంగి రక్తపుపోటు పెరగవచ్చు. దీనిని 1955లో అమెరికాలో జెరోం కాన్ వివరించారు. కార్టిసాలు పొంగితే మొగం చంద్రబింబమవుతుంది. ఏమీ చేయక ఊరక కూర్చునే కంతులే ఎక్కువట. వదినగారిది లోపలి భాగపుది, ఫియోక్రోమోసైటోమా.

వెంటనే కోసి తీసివేస్తారనుకున్నాము. కాదట. ముందు రెండు వారాలు రక్తనాళాలను సడలించే మాత్రలు, పైన ఉప్పు ధారాళంగా తినాలి. పోటు మనిషికి ఉప్పేమిటని మా అన్నగారు డాక్టరుతో వాదం వేసుకున్నారు. బిగిసి ఉన్న నాళాలు సడలినప్పుడు నింపడానికి నెత్తురు చాలదనీ, ఆ ఏర్పాటు లేకుండా కత్తి తగిలితే కంతిలోని సరుకు ఒక్కసారిగా పొర్లి ప్రాణం మీదికి వస్తుందనీ ఆయన ఓపికగా చెప్పారు.

శస్త్రచికిత్స అయింది. వదినగారు కులాసా. కాని ఇటువంటి రోగులలో పదింట మూడు వంతులకు పైగా ఇది వంశంలో వచ్చేదట. వదినగారి రక్తపరీక్షలో ఆ లోపం కనిపించింది. కూతురికి సంక్రమించి ఉండడానికి సగానికి సగం అవకాశం. గర్భంతో ఉన్నప్పుడు ఈ కంతి తల్లికీ బిడ్డకూ ప్రమాదం కనుక ముందే తెలుసుకొమ్మన్నారు. పెళ్లి మాఘంలో. పెళ్లయ్యాక చూద్దామంటుంది పిల్ల. వదినగారు ఆగవద్దంటారు. ఆ ఇంటికి వెళ్లినప్పుడు మేము చీరల మాటే మాట్లాడి వస్తున్నాము.