తెల్ల తువాలు, నల్ల గొడుగు

ఛాయాచిత్రణం గురించి ఎంత చదివినా, కెమెరా పట్టుకుంటే తప్ప బోధపడని సంగతులు కొన్ని ఉంటాయి. కెమెరాకు తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు అన్నది వాటిలో మొదటిది. ఎదుట ఏమున్నా అది మధ్యస్థమైన బూడిద రంగేనని భావించి దానిలోని మీటరు వెలుతురు లెక్క కడుతుంది.

ఇది చూడాలని ఒక ఆదివారం పెరట్లో తెల్ల తువాలునూ నల్ల గొడుగునూ ఫ్రేము నిండేలా విడివిడిగా తీశాను. రెండూ బూడిదగానే వచ్చాయి! స్టాపు పెంచడమంటే వెలుతురును రెట్టింపు చేయడం. తువాలుకు రెండు స్టాపులు పెంచాను, అంటే 1/500 సెకను బదులు 1/125. గొడుగుకు రెండు తగ్గించాను. అప్పుడు దేని రంగు దానికి వచ్చింది.

ఈ సాధనంతా మా నాయనమ్మ కోసం. ఆవిడది నల్లని మొహం, కట్టేది తెల్లచీర. ఎండలో తీసిన ఫొటోల్లో చీర కనిపించేది, మనిషి కనిపించేది కాదు. స్టూడియోలో తీసినదానిలోనేమో రంగు దిద్ది తెల్లగా చేశారు, అది ఇంకెవరో.

అందుకే ఆవిడను అరుగు నీడలో కూర్చోబెట్టాను. నీడలో చీరకూ మొహానికీ మధ్య పేచీ తగ్గుతుంది. మొహం మీదనే మీటరు చూసి, గొడుగంత నలుపు కాదు గనుక ఒక్క స్టాపే తగ్గించాను. ముడతలతో సహా ఆవిడ తన రంగులోనే వచ్చింది.

కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి అన్నది: "ఇది నేనేరా. దండ వేసేనాడు దీన్నే పెట్టండి."

ఇప్పుడు మా గోడ మీద ఉన్నది అదే.