బ్యూరెట్ పట్టని చెయ్యి పాఠం ఎట్ల చెప్తది?

 

ఇబ్రహీంపట్నం హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న మాలో చానామంది రేపు బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, కెమిస్ట్రీ చెప్పాలనుకుంటున్నోళ్లమే. అందుకే ఈ ముచ్చట గ్రూపుల పెడుతున్నం.

ఆన్‌లైన్ ల్యాబ్‌లన్నీ ఒకటే అనుకుంటరు. కాదు, రెండు రకాలు. ఒకటి సిమ్యులేషన్, అంటే తెరమీద బొమ్మ. 2009ల కేంద్రం మొదలుపెట్టిన ఐసీటీ మిషన్ కింద వచ్చిన వర్చువల్ ల్యాబ్స్‌ల ఇవే ఎక్కువ. ఐఐటీలతో పాటు మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా అందుల ఉన్నది. 9 నుంచి 12 తరగతుల పిల్లలకైతే ఓల్యాబ్స్ ఉన్నది.

రెండోది రిమోట్ ల్యాబ్. పరికరం నిజమైనదే, కాకపోతే దూరంల ఉంటది. మనం ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ మోటారు తిరుగుతది, కెమెరాల కనబడతది. ట్రిపుల్ ఐటీ వాళ్లు గాజు కడ్డీని నూనెల ముంచితే కనబడకుండ పోయే ఫిజిక్స్ ప్రయోగాన్ని ఇట్లనే తయారుచేసిండ్రు. టైట్రేషన్‌ను కూడా ఈ పద్ధతిల చేయొచ్చు: బ్యూరెట్‌కు మోటారు, ఫ్లాస్క్ ముందర కెమెరా.

మాకు ఇది ఎందుకు పెద్ద విషయమంటే, మాలో కొంతమందికి ఇంటర్‌ల ల్యాబ్ రూము తాళం తీసిందే తక్కువ. బోర్డుమీది రీడింగులతోనే రికార్డు నిండింది. మేము చూసిన సిమ్యులేషన్లల కూడా లెక్క ఎప్పుడూ సరిగ్గానే వస్తది. నిజమైన బ్యూరెట్ అట్ల కాదు. ఒకసారి 10.1, ఇంకోసారి 10.3 వస్తది. ఒక్క చుక్క ఎక్కువ పడితే ఫినాఫ్తలీన్ లేత గులాబీ కాస్తా ముదురైతది. ఎందుకు తేడా వచ్చిందని పిల్లగాడు అడిగితే జవాబు చెప్పేటోడే సారు. రిమోట్ ల్యాబ్‌ల ఆ తేడా కనబడతది. ల్యాబ్ లేని కాలేజీకి అది చాన మేలు.

కానీ అది చెయ్యికి పని నేర్పదు. నాబ్ కారితే ఏం చేయాలె, నీళ్లల్ల యాసిడ్ పోయాలె గానీ యాసిడ్‌ల నీళ్లు పోయొద్దు అనే జాగ్రత్త, నలభై మంది పిల్లల నడుమ గాజుసామాను కాపాడుడు, ఇవి దగ్గర నిలబడితేనే వస్తయి. "ఆన్‌లైన్ ఉన్నది గద" అని ల్యాబ్‌కు తాళమేస్తే ముందు నష్టపోయేది మన ఆశ్రమ పాఠశాలల పిల్లలే. పట్నంల పిల్లలకు ఇంకో దారి దొరుకుతది, తండా పిల్లలకు, గూడెం పిల్లలకు సారు చెయ్యే దారి.

అందుకే మేము అడిగేది రెండూ. రిమోట్ ల్యాబ్ కావాలె, ముందు అభ్యాసానికి. అసలు ల్యాబ్ కూడా కావాలె, చెయ్యి తిరగడానికి. అంతవరకు ఊరికే కూసోవద్దు. పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతదని మన అమ్మలకు ఎప్పటినుంచో తెలుసు. అదీ ఇండికేటరే. సెలవులకు పోయినప్పుడు మన పిల్లలకు పసుపు, సున్నం, నిమ్మకాయతో చేసి చూపెడదాం.

ఆశ్రమ స్కూళ్లల్ల పనిచేస్తున్న సీనియర్లు, మీ దగ్గర ల్యాబ్ ఎట్లున్నదో కింద రాయుండ్రి. అందరివీ కలిపి అర్జీ రాసే పని మేము చూసుకుంటం.