చేతి చదువు

విద్య అనగానే మనకు పుస్తకము, పలక, పరీక్ష జ్ఞప్తికి వస్తాయి. సుత్తి గాని, ఆకురాయి గాని జ్ఞప్తికి రావు. కాని తెలుగులో ‘విద్య’ అనే మాటకు చదువుతో పాటు నేర్చిన పని అనే అర్థం కూడా ఉన్నది. కోటి విద్యలూ కూటి కొరకే అన్నప్పుడు మన పెద్దలు కొలిమిని, మగ్గాన్ని వేరు చేసి మాట్లాడలేదు. వేరు చేసినది మనమే.

కళాశాల ప్రవేశ దరఖాస్తులలో ‘తండ్రి వృత్తి’ అనే గడిలో ‘వ్యాపారం’ అని వ్రాసిన వారు ఏటా కొందరు కనబడతారు. ఆ వ్యాపారం వెల్డింగు కొట్టు అనో, కుట్టుపని అనో, మోటారు సైకిళ్ళ మరమ్మతు అనో తరువాత మాటల సందర్భంలో తెలుస్తుంది. తమకు అన్నం పెట్టిన పని పేరును వ్రాయడానికి ఆ చేయి ఎందుకు సంకోచించినది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1998లో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రాచార్యుడు ‘దాదాపు ఏ వస్తువునైనా తయారు చేయడం ఎట్లా’ అనే పాఠ్యక్రమం ప్రారంభించాడు. పదిమంది చాలనుకొంటే సుమారు నూరుమంది వచ్చారు. వారిలో యంత్రవిద్య ఎరుగని కళాకారులు, వాస్తుశిల్పులు కూడా ఉన్నారు. ఒక శిల్పకళా విద్యార్థిని, పట్టలేని కేకను తనలో దాచుకొని, తరువాత అనువైన చోట వెలువరించే సంచిని తయారు చేసినది. వినడానికి వింతగా ఉన్నా, దానికి కావలసిన విద్యుత్ పరికరాలను ఆమె స్వయంగా అమర్చుకొన్నది. అవసరం ముందు పుట్టినది. చదువు దాని వెంట నడిచినది.

ఆ ప్రయత్నమే క్రమంగా దేశదేశాలకు వ్యాపించినది. పుణె సమీపంలోని పాబళ్ గ్రామంలో కల్బాగ్ గారు 1983లో స్థాపించిన విజ్ఞాన ఆశ్రమంలో, 2002లో ఎం.ఐ.టి. సహకారంతో ఇట్టి ప్రయోగశాల వెలసినది. మన హైదరాబాదులో 2023 మార్చిలో 78 వేల చదరపు అడుగుల టీ-వర్క్స్ ప్రారంభమైనది.

అక్కడ నేర్చుకొనేది యంత్రాన్ని నడపడం మాత్రమే కాదు. లేజరు కిరణంతో చెక్కను కోసేటప్పుడు ఆ కిరణం సన్నని గీత మందాన చెక్కను కాల్చివేస్తుంది. ఆ మందాన్ని లెక్కలో చేర్చుకోకపోతే, కాగితం మీద సరిగా కుదిరిన అతుకు చేతిలో వదులవుతుంది. అప్పుడు మళ్ళీ కొలవాలి, మళ్ళీ గీయాలి, మళ్ళీ కోయాలి. పరీక్షలో తప్పు మార్కులను తగ్గిస్తుంది; పనిబల్ల మీద తప్పు మరుసటి కొలతను నేర్పుతుంది.

ఒకనాడు తరగతిలో తెలుగులోని అన్యదేశ్యాలను బోధిస్తున్నాను. నమూనా, తయారు, మరమ్మతు, కార్ఖానా. ఇవన్నీ పారసీ, అరబ్బీ మూలాల నుండి వచ్చి మన భాషలో స్థిరపడిన మాటలే. వస్తువును చేసే క్రమమంతా ఈ నాలుగు మాటలలో ఉన్నదని చెప్పి, ఇనుప చట్రం వంకర పోకుండా ఎట్లా అతుకుతారని అడిగాను. వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి లేచాడు.

“ఒకేసారి చివరిదాకా అతికితే చల్లారేటప్పుడు ఇనుము లాగేస్తుంది సార్. ముందు నాలుగు మూలలా చిన్న చిన్న చుక్కలు పెట్టుకోవాలి.”

“ఎవరు నేర్పారు నాయనా?”

అతడు కొంచెం తటపటాయించి, “మా అబ్బా, సార్” అన్నాడు.

తరగతి యావత్తూ అతని వైపు తిరిగినది. ఆ చూపులలో పరిహాసం లేదు.

1206లో అల్-జజరీ యంత్రాలను గురించి రచించిన అరబ్బీ గ్రంథంలో ఒక్కొక్క భాగాన్ని ఎట్లా చేయాలో చిత్రాలతో సహా వివరించాడు. ఇల్ము, హునరు ఆయన దృష్టిలో రెండు కావు.

కళాశాల కార్యవర్గం వారికి నా మనవి ఇది. మనకు వేల అడుగుల భవనం అక్కరలేదు. గాలీ వెలుతురూ గల ఒక గది, గట్టి బల్ల, పట్టుడు యంత్రం, బర్మా, కొలపరికరాలు, కళ్ళకు రక్షణగా అద్దాలు, ఒక కంప్యూటరు ఉంటే ఆరంభానికి చాలు. త్రీడీ ప్రింటరు తరువాత రావచ్చు. కాని మొదటి రోజుననే రావలసినవారు ఉన్నారు. వారు మన విద్యార్థుల తండ్రులు, తల్లులు. వెల్డింగు తెలిసిన తండ్రిని, కుట్టుపని తెలిసిన తల్లిని వారానికి ఒక గంట గురుస్థానంలో కూర్చోబెట్టి, తగిన గౌరవ వేతనం ఇవ్వాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! డిగ్రీ సంపాదించండి, ఉన్నత పదవులు అధిష్ఠించండి. కాని దరఖాస్తులో ఆ గడి వచ్చినప్పుడు అసలు పని పేరే వ్రాయండి. అది మీ ఇంటి మొదటి పట్టా.