పాముల చదువుకు తొలి మెట్టు... పొలం గట్టు!

గుంటూరులో తెనాలి వైపు వెళ్లే ప్యాసింజర్‌ ఎక్కితే వేజెండ్ల, సంగం జాగర్లమూడి దాటాక అంగలకుదురు వస్తుంది. ఆ తర్వాత తెనాలే. కిటికీలోంచి చూసి వదిలేసే చిన్న స్టేషన్‌. కానీ పాములూ తాబేళ్ల మీద పరిశోధన చేయాలనుకునే జువాలజీ విద్యార్థి మాత్రం ఇక్కడ దిగాల్సిందే. వాళ్లకు కావాల్సిన ప్రయోగశాల ఈ పొలాల్లోనే ఉంది మరి!

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవల్లో వచ్చే కృష్ణమ్మ నీటితో పండే మాగాణి ఇది. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. జెర్రిపోతు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర... రైతుకు అన్నీ తెలిసిన పేర్లే. చలికాలం పొద్దున్నే గట్టుమీద కదలకుండా పడుకున్న పామును చూసి బద్ధకం అనుకుంటాం. నిజానికి అది మనలా ఒంట్లోనే వేడి పుట్టించుకోలేదు. ఎండ కాచుకుంటేనే దానికి తిన్నది అరుగుతుంది, ఒంట్లో చురుకు పుడుతుంది. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్క కాన్పులో 20 నుంచి 40 దాకా! అదీ ఎక్కువగా మే - జులై మధ్య. సరిగ్గా రైతులు దుక్కులకూ నారుమళ్లకూ దిగే రోజుల్లో.

ఈ చదువు మన నేలకు కొత్త కాదు. విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్‌ వైద్యుడు పాట్రిక్‌ రసెల్‌ 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. విషం ఎలా పనిచేస్తుందో కోళ్లమీదా కుక్కలమీదా పరీక్షించాడు. 1796లో కోరమాండల్‌ తీరపు పాములపై పుస్తకం వేశాడు. అందులో స్థానికులు పిలిచే పేర్లనే రాసుకున్నాడు. రక్తపింజర పేరు 'కాటుక రేకుల పొడ'! ఇప్పుడు ప్రపంచం దాన్ని రసెల్స్‌ వైపర్‌ అంటోంది. కట్లపాముల శాస్త్రీయ నామం 'బంగారస్‌' కూడా మన బంగారంలోంచి వెళ్లిందే.

అయితే పేర్లు తెలిస్తే ప్రాణాలు నిలవవు. 2000 - 2019 మధ్య దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. విరుగుడు మందు తయారీకి వాడే విషంలో సింహభాగం తమిళనాడులోని ఇరుల సహకార సంఘం నుంచే వస్తుంది. రక్తపింజర విషమేమో ప్రాంతాన్నిబట్టి మారుతుంది. వానలు తక్కువపడే చోట్ల దాని విషంలో మాంసకృత్తుల్ని ఛేదించే గుణం ఎక్కువని బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు 2025లో తేల్చారు. మరి నీళ్లలో నానే డెల్టా పింజర సంగతేమిటి? అంగలకుదురులో దిగిన విద్యార్థి అడగాల్సిన ప్రశ్న ఇదే.

తెనాలి నుంచి రేపల్లె బండెక్కి, అక్కణ్నుంచి పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటితే దివిసీమ. 2018 ఆగస్టులో అక్కడ పాముకాట్లు వరసపెట్టాయి. జనం హడలిపోయారు. మోపిదేవిలో సర్పశాంతి యాగమూ జరిగింది. భయమున్నచోట భక్తి సహజమే. దాని పక్కన పామును చదివినవాళ్లూ ఉండాలి కదా!

తెనాలిలోనే బాపట్ల బండెక్కితే దారి సూర్యలంక తీరానికి. అక్కడి పాఠం వేరు. ఆలివ్‌ రిడ్లే తాబేలు ఒడ్డుకొచ్చి, ఇసుకలో దాదాపు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు! భూమి వేడెక్కుతున్నకొద్దీ మగ తాబేళ్లు ఏమవుతాయన్నది పెద్ద బెంగ.

దారి దగ్గర్లోనే ఉంది. డిగ్రీలో జువాలజీ, 1976లో మొదలైన నాగార్జున విశ్వవిద్యాలయంలో పీజీ. పైచదువుకు డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, వన్యప్రాణుల హార్మోన్లు, పునరుత్పత్తి మీద పనిచేసే హైదరాబాద్‌ లాకోన్స్‌. ఒక్కమాట... పరిశోధనకైనా సరే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పామును పట్టకూడదు.

డెల్టా పింజర గుట్టు తేలేదాకా రైతుకు టార్చిలైటూ బూట్లే రక్ష. కాటు పడితే కట్లు బిగించడం, గాయం కోయడం వద్దు. కాలు కదలకుండా ఉంచి, నేరుగా ఆసుపత్రికే!