బోర్లా పడితే బొబ్బట్లు

మన తెలుగిళ్లలో పసిపిల్లల ఎదుగుదలకి డాక్టర్లకంటే ముందు లెక్క కట్టింది వంటిల్లే కదండీ! నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాలకాయలు, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా చేసినా సంబరం మాత్రం ఒకటే. మరి ఈ సంబరాలన్నీ తల్లి ఆఫీసులో ఉన్న వేళకే వస్తేనో?

నువ్వుండలు మా పుట్టింట్లోనే అయిపోయాయి. రెండో నెల నిండేసరికి పాప నా ముఖం చూసి నవ్వింది. నాలుగో నెలకి మెడ నిలిపింది. అన్నీ పక్కనుండి చూసుకున్నాను. 2017లో చట్టం మారి, మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు కావడం నాలాంటి వాళ్లకి ఎంతో కలిసొచ్చింది. అయితే అందులో ఆరు వారాలు పురిటికి ముందే ఖర్చయిపోయాయి. పాపకి ఐదో నెల నడుస్తుండగానే మళ్లీ బ్యాగు తగిలించుకుని బస్సెక్కాను.

తెల్లవారుజామునే లేచి పాలు పిండి, మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేదాన్ని. మా అత్తగారు ఆ గిన్నెని వేడినీళ్లలో పెట్టి, గోరువెచ్చగా అయ్యాక పట్టేవారు. తల్లిపాలు పొయ్యి మీద మాత్రం కాచకూడదు సుమండీ. ఇంత చేసినా మొదటి వారమంతా ఒళ్లు ఆఫీసులో, ప్రాణం ఇంట్లో!

ఓ సాయంత్రం కాళ్లు కడుక్కునొచ్చి పాపని చాప మీద పడుకోబెట్టానో లేదో, పక్కకి ఒత్తిగిల్లి, అటూ ఇటూ ఊగి, దబుక్కున బోర్లా పడింది! "అత్తయ్యా, చూడండి!" అని కేకేశాను. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "నీకోసమే ఆగింది పిల్ల" అన్నారు.

మంచినీళ్లకని వంటింట్లోకెళితే, ఉడికించి వార్చిన శనగపప్పు, తరిగిన బెల్లం, నూనెలో నానుతున్న పిండి! ఇవన్నీ క్షణంలో అయ్యేవా చెప్పండి? మధ్యాహ్నమే పడిందన్నమాట. ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు. ఆ రాత్రి తిన్న బొబ్బట్ల రుచి నేను జన్మలో మరవను.

ఇంకో బెంగ కూడా ఉంటుంది మనకి, పక్కింటి పాప కూర్చుంది, మన పాప కూర్చోలేదేమని. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు చెప్పింది. ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు నాలుగు నెలల నుంచి తొమ్మిది నెలలు దాటేదాకా, తనంత తాను నడవడం ఎనిమిది నెలలు దాటినప్పటి నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా రావచ్చట. కొందరు అసలు పాకకుండానే నడిచేస్తారు కూడా. కానీ మూడు నెలలు నిండినా నవ్వకపోయినా, చప్పుడికి ఉలిక్కిపడకపోయినా, వచ్చిన విద్య మరిచిపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

మా ఇంట్లో కుడుములూ అయ్యాయి. ఇప్పుడు పాలకాయలకి బియ్యప్పిండి సిద్ధంగా ఉంది. మీ ఇంట్లోనూ ఉద్యోగానికెళ్లే కోడలో కూతురో ఉంటే, పాపాయి కొత్త విద్య చూపించిన కబురు సాయంత్రం దాకా కొంగున ముడేసుకోండి. పండగ ఒక పూట ఆలస్యమైతే ముహూర్తమేం మించిపోదు కదా!